ఊళ్ళో కొత్త కొట్టుకి బోర్డు పెట్టాలంటే ఎవరిని అడగాలి, ఎంత కట్టాలి?

కొత్త_కొట్టు_బాపట్ల

అందరికీ నమస్కారం. మాది బాపట్ల జిల్లాలో ఒక పంచాయతీ. మా నాన్న ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ కొట్లో గుమస్తాగా చేశారు, ఇప్పుడు సొంతంగా కిరాణా కొట్టు పెడుతున్నారు. స్థలం మాదే, బస్సులు ఆగే సెంటర్లో, ఆర్ అండ్ బీ రోడ్డుకి ఆనుకుని ఉంటుంది. ర్యాకులు, కాటా, ఫ్రిజ్ అన్నీ వచ్చేశాయి, బోర్డు దగ్గరే ఆగిపోయాం.

కూల్ డ్రింక్ కంపెనీ సేల్స్ అబ్బాయి వచ్చి లైట్లున్న పెద్ద బోర్డు ఫ్రీగా పెట్టిస్తానన్నాడు. పైన మూడొంతులు వాళ్ళ బొమ్మే, కింద మా కొట్టు పేరు. డబ్బు మిగులుతుంది కదా అని నాన్నకి ఆశగా ఉంది. ఈలోపు పంచాయతీ తరఫున వచ్చానని ఒకాయన, బోర్డుకి ఏడాదికి రెండు వేలు కట్టాలి, రసీదు తర్వాత ఇస్తాం అని చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచి నాన్నకి ఒకటే టెన్షన్. నిజంగా కట్టాలా? మన గోడ మీద మన పేరు రాసుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?

ఇంకోటి, మా ఊరి మలుపు దగ్గర కాలవ గట్టు మీద బాణం గుర్తుతో చిన్న బోర్డు పాతుదామనుకుంటున్నాం, పక్క ఊళ్ళవాళ్ళకి తెలియాలని. అలాగే మా చెల్లి చేసిన డిజైన్‌లో పేరు మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, చూడ్డానికి బాగుంది. దానికేమన్నా రూల్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మాజీ_కార్యదర్శి

బాబూ, నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి కేసులు చాలా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

బోర్డు విషయంలో ముందు చూడాల్సినవి రెండే: అది ఎవరి నేల మీద ఉంది, ఎవరి సరుకు గురించి చెబుతోంది. మీ గోడ మీద మీ కొట్టు పేరు, మీరు అమ్మే సరుకుల పేర్లు రాసుకుంటే అది కొట్టు గుర్తు. అదే గోడ మీద కూల్ డ్రింకు బొమ్మో సిమెంటు బస్తా బొమ్మో పెద్దగా వేయిస్తే అది వేరేవాళ్ళ ప్రకటన అవుతుంది. నగరాలకి వర్తించే కార్పొరేషన్ చట్టంలో కూడా ఈ తేడా ఉంది. ఆ కట్టడంలో జరిగే వ్యాపారం గురించి అక్కడే పెట్టుకున్న బోర్డుకి, లైట్లు లేకపోతే, విడిగా అనుమతి అక్కర్లేదని రాశారు. ఆ చట్టం మీ ఊరికి వర్తించదు గానీ, మీ పంచాయతీతో మాట్లాడేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకో. కంపెనీ బోర్డు ఒప్పుకుంటే ఫీజు అడగడానికి మీరే దారి ఇచ్చినట్టు.

ఇక రెండు వేల సంగతి. ప్రకటనల మీద పన్ను రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో 55వ అంశం కింద ఉండేది. 2016లో 101వ సవరణతో దాన్ని తీసేశారు, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. అందుకే ఇప్పుడు స్థానిక సంస్థలు పన్ను అనకుండా లైసెన్సు ఫీజు, స్థలం అద్దె లాంటి పేర్లతో వసూలు చేస్తాయి. ఏ పేరుతో అడిగినా దాని వెనక పంచాయతీ తీర్మానం ఉండాలి, రేటు అందులో ఉండాలి, కట్టిన రోజే రసీదు ఇవ్వాలి. "రసీదు తర్వాత" అన్నారంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. పోట్లాటా వద్దు. తెల్లకాగితం మీద "ఫలానా సర్వే నంబరులో కిరాణా కొట్టు పెడుతున్నాం, ఇంత పొడవు ఇంత వెడల్పు బోర్డు మా గోడకే పెట్టుకుంటున్నాం, కట్టాల్సింది ఏమన్నా ఉంటే తీర్మానం నకలుతో తెలపండి" అని రాసి పంచాయతీ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం వేయించుకో. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగు. గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకి మన రాష్ట్రంలో రుసుం కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

వ్యాపారానికి పంచాయతీ ట్రేడ్ లైసెన్సు వేరే విషయం. అది అడిగితే కట్టాల్సిందే, తప్పించుకోవాలని చూడొద్దు.

కాలవ గట్టు మాత్రం పంచాయతీది కాదు, ఇరిగేషన్ వాళ్ళది. పంచాయతీ సరేనన్నా వాళ్ళు పీకేస్తారు. రోడ్డు మార్జిన్ అయితే ఆర్ అండ్ బీ. నీ మలుపు కనక 216 జాతీయ రహదారి మీద అయితే అసలు ఆలోచించొద్దు. 2002 జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద హైవే భూమిలో అనుమతి లేకుండా ఏది పాతినా ఆక్రమణే. మలుపు పక్కన ఎవరిదైనా పట్టా పొలమో ఇంటి ప్రహరీనో ఉంటే ఆయన్ని అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని అక్కడ పెట్టుకోండి. మలుపులో బండివాళ్ళకి ఎదురొచ్చే వాహనం కనపడకుండా అడ్డం వచ్చేలా మాత్రం ఎక్కడా పెట్టొద్దు, అనుమతి ఉన్నా సరే. పిల్లలు సైకిళ్ళ మీద తిరిగే రోడ్లు మనవి.

ఎరువుల_కొట్టు_పల్నాడు

కార్యదర్శి గారు చెప్పింది కరెక్ట్. నాది ఎరువులు, పురుగుమందుల షాపు కాబట్టి బోర్డుల గొడవ నాకు బాగా అలవాటు. మాకైతే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రోజూ స్టాకు ఎంతుంది, రేటెంత అని రైతుకి కనపడేలా బోర్డు రాయాలి. ఏఓ (వ్యవసాయ అధికారి) గారు వచ్చినప్పుడు మొదట చూసేది అదే.

మీ ఇంగ్లీషు డిజైన్ సంగతి. మన షాపుల చట్టం 1988 కింద ఉన్న నిబంధనల్లో పేరు బోర్డు తెలుగులో ఉండాలి, వేరే భాష వాడితే అది తెలుగు కిందనే రావాలి అని ఉంది. చూసేది కార్మిక శాఖ, అంటే ఏఎల్ఓ (సహాయ కార్మిక అధికారి). షాపు రిజిస్ట్రేషన్ చూసేదీ వాళ్ళే, బోర్డు ముందే సరిగ్గా ఉంటే మళ్ళీ మార్చే ఖర్చుండదు. చెల్లెమ్మ డిజైన్ అలాగే ఉంచి పైన తెలుగు పెద్దగా పెట్టమనండి. అయినా మీ కొట్టుకి వచ్చేది ఊళ్ళోవాళ్ళు, పెద్దవాళ్ళు. వాళ్ళు చదవలేని పేరు ఎందుకు?

జీఎస్టీ తీసుకుంటున్నారా? సరుకులు అమ్మేవాళ్ళకి మన ఏపీలో ఏడాది టర్నోవర్ 40 లక్షల లోపైతే తప్పనిసరి కాదు. తీసుకుంటే మాత్రం జీఎస్టీ నంబరు కొట్టు ముందు పేరు బోర్డు మీద ఉండాలి, సర్టిఫికెట్ లోపల కనపడేలా పెట్టాలి. కంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి ఉన్న తేలిక జీఎస్టీ పద్ధతిలో) ఉంటే "కంపోజిషన్ ట్యాక్సబుల్ పర్సన్" అన్న మాట కూడా బోర్డు మీద రాయాలి. మా దగ్గర చాలామందికి ఇది తెలియదు, ఆడిటర్లు కూడా బిల్లు మీద రాయమంటారు గానీ బోర్డు సంగతి చెప్పరు. పప్పులు, నూనెలు అమ్ముతారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) సర్టిఫికెట్ కూడా గల్లాపెట్టె దగ్గర తగిలించండి.

బ్రష్_టు_ఎల్ఈడీ

అన్నా, నేను చీరాల వైపు బోర్డులు చేస్తాను, మొదట చేత్తో రాసేవాణ్ణి, ఇప్పుడు అన్నీ చేస్తున్నా. రూల్స్ పెద్దలు చెప్పారు, నేను బోర్డు గురించి చెప్తా.

మనది సముద్రం గాలి. ఇనప ఫ్రేముకి రెడ్ ఆక్సైడ్ సరిగ్గా కొట్టకపోతే వెల్డింగ్ దగ్గర తుప్పు మొదలై ఫ్రేమంతా పోతుంది. గోడకి స్క్రూలు కాదు, యాంకర్ బోల్టులు వేయించండి. తుఫాను వస్తే పెద్ద ఫ్లెక్సీ తెరచాపలా గాలి పట్టి ఫ్రేముతో సహా లేచిపోతుంది, కింద ఎవరున్నారో చూడదు. సెంటర్లో బస్సు కోసం జనం నిలబడేది మీ కొట్టు ముందే కదా, అందుకని సజ్జ పొడవునా తక్కువ ఎత్తులో, గోడకి అంటిపెట్టుకున్న బోర్డే మంచిది. రోడ్డు మీదకి పొడుచుకొచ్చేది వద్దు.

కరెంటు తీగలు తప్పకుండా చూడండి. 11 కేవీ లైను పక్క నుంచి పోతుంటే కట్టడానికీ తీగకీ మధ్య కనీసం 1.2 మీటర్లు ఉండాలి, పైనుంచి పోతుంటే 3.7 మీటర్లు. ఇది కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధన. బోర్డు బిగించేటప్పుడు ఇనప నిచ్చెన, ఇనప ఫ్రేము పట్టుకుని పైకెక్కేది మావాళ్ళే. లైన్‌మన్‌కి చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించడం) తీసుకోకుండా తీగల కింద పని చేయించొద్దని చేతులెత్తి అడుగుతున్నా. కరెంటు స్తంభానికి బోర్డు కట్టడం కూడా అంతే ప్రమాదం, పైకెక్కే లైన్‌మన్‌కి అడ్డం.

100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, ఓపెనింగ్‌కి ఫ్లెక్సీలు వేయించేటప్పుడు అది అడగండి. తెలుగు అక్షరాలకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య జాగా ఎక్కువ వదలాలి, సన్నటి ఫాంట్లు దూరం నుంచి కనపడవు. పసుపు మీద నలుపు, లేకపోతే ముదురు నీలం మీద తెలుపు. బస్సులోంచి చదవాలంటే పేరు ఒక్కటే పెద్దగా ఉంచి, సరుకుల లిస్టు షట్టర్ పక్క గోడ మీద చేత్తో రాయించండి, అది తక్కువలో అయిపోతుంది.

గుంటూరు_కారం

ఇంత కథ అవసరమా అనిపిస్తోంది. మా ఊళ్ళో అన్ని కొట్లకీ కంపెనీ బోర్డులే, కాలవ గట్టు నిండా బోర్డులే. ఎవరూ ఏమీ అడగరు. బోర్డు పెట్టేసుకోండి బ్రదర్, అడిగినప్పుడు చూసుకోవచ్చు.

మాజీ_కార్యదర్శి

అందరూ పెట్టారన్న మాట నిజమే. కానీ రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, గట్టు బాగు చేసేటప్పుడో అన్నీ ఒకేసారి తీసేస్తారు, అప్పుడు పెట్టిన డబ్బు పోతుంది. పెద్ద వ్యాపారులు మర్నాడే ఇంకోటి కట్టిస్తారు. ఈ అబ్బాయి వాళ్ళ నాన్నగారు దాచుకున్న డబ్బుతో కొట్టు పెడుతున్నారు. పైగా ఒకసారి రసీదు లేకుండా ఇవ్వడం మొదలుపెడితే ఏటా వస్తారు, కొట్టు బాగా నడిచేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. కాగితం పెట్టిన మనిషి జోలికి మాత్రం తేలిగ్గా రారు.

కొత్త_కొట్టు_బాపట్ల

అందరికీ చాలా థాంక్స్ అండీ. నాన్నకి అన్నీ చదివి వినిపించాను, దరఖాస్తు రేపు ఇస్తాం. కాలవ గట్టు ఆలోచన మానేశాం, మలుపులో మా పెదనాన్న వాళ్ళ ప్రహరీ ఉంది, దాని మీద రాయిస్తాం. ఒక్క డౌటు మిగిలింది. సిగరెట్ల ఏజెంటు కూడా కౌంటరు పైన పెట్టుకోడానికి బోర్డు ఇస్తానంటున్నాడు. మా కొట్టు పక్క సందులోనే హైస్కూలు గోడ మొదలవుతుంది. ఇబ్బంది ఉంటుందా?

ఎరువుల_కొట్టు_పల్నాడు

ఉంటుంది తమ్ముడూ. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు సిగరెట్లు, బీడీలు, ఖైనీ ఏవీ అమ్మకూడదు. ఆ దూరం బడి ప్రహరీ గోడ నుంచే కొలుస్తారు, గేటు నుంచి కాదు. పక్క సందులోనే గోడ అంటున్నారు కాబట్టి మీరు అమ్మడానికే లేదు, ఇక బోర్డు మాట ఎందుకు. అమ్మే హక్కున్న కొట్లలో కూడా ఆ బోర్డు సైజు 60 బై 45 సెంటీమీటర్లకి మించకూడదు, బ్రాండు పేరు గానీ ప్యాకెట్టు బొమ్మ గానీ ఉండకూడదు, ఏ రకం పొగాకు దొరుకుతుందో మాత్రమే రాసి పైన హెచ్చరిక ఉండాలి. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మబోమని ఇంకో బోర్డు విడిగా పెట్టాలి. ఏజెంట్లు ఇచ్చే రంగుల బోర్డులు దీనికి సరిపడవు, కేసు మాత్రం కొట్టు యజమాని మీద పడుతుంది.

కూల్ డ్రింక్ వాళ్ళ బోర్డు గురించి కూడా ఒక మాట. దానికి కాలే కరెంటు మీ మీటరులోనే తిరుగుతుంది. ఫ్రిజ్ కూడా వాళ్ళే ఇస్తే అందులో వేరే కంపెనీ సీసా పెట్టనివ్వరు. ఒప్పందం కాగితం ఉంటే సంతకం పెట్టే ముందు చదవండి, లేదంటే రాసిమ్మనండి.

బ్రష్_టు_ఎల్ఈడీ

బోర్డు సొంతంగా పెట్టుకుంటామంటే కొలతలు పంపండి అన్నా. సజ్జ పొడవు, సజ్జకీ షట్టరుకీ మధ్య ఎత్తు, ముందు నుంచి ఒక ఫొటో తీగలు కనపడేలా. ఏసీపీ షీటు (అల్యూమినియం పూత ఉన్న ప్లాస్టిక్ పలక) మీద అక్షరాలైతే ఎంతవుతుందో, మామూలు ఇనప రేకు మీద పెయింటైతే ఎంతవుతుందో రెండూ చెప్తాను. పెదనాన్న గారి గోడకి ముందు సున్నం గీకించి ప్రైమరు కొట్టించి ఉంచండి, వానలు తగ్గాక వచ్చి రాస్తాను.