రొయ్యల గుంట గట్టు మీద తిరిగేది వ్యాయామం కాదా?

ఇందుకూరుపేట రైతు:
వయసు 51, షుగరొచ్చి ఆరేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడతా. మూడు నెలల షుగరు 8.4 వచ్చింది, డాక్టరు వ్యాయామం చెయ్యమంటాడు. రెండు గుంటలు నావి. రోజుకు నాలుగుసార్లు మేత వేయించి, మేత తిన్నాయో లేదో తెలిసే చెక్‌ట్రేలు లాగి చూసి, గట్టు చుట్టి వస్తా. ఇంకేం చెయ్యాలి సామీ? మధ్యాహ్నం తినంగానే షెడ్డులో మంచమెక్కుతా. తిన్న రెండు గంటలకు షుగరు చూస్తే 230. గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఎప్పుడాగతాయో అని రాత్రిళ్లు నిద్ర లేదు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే అరుస్తావుండా.

రిటైర్డ్ పీఈటీ, నెల్లూరు:
అన్నా, నేను 28 ఏళ్లు గ్రౌండులో విజిలేసుకుంటా నిలబడ్డా. నాకూ షుగరొచ్చింది! నువ్వు ట్రే కాడ ఆగతావు, కూలోళ్లతో మాట్లాడతావు, మళ్లీ నాలుగడుగులు వేస్తావు. దాంతో ఊపిరి వేగం పెరగదు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత జోరుగా వారానికి 150 నిమిషాలు నడవాలి. వరసగా రెండు రోజులు మానొద్దు. ముందు ఆ మంచం సంగతి చూడు. తిన్నాక పదిహేను నిమిషాలు నడిచి అప్పుడు పడుకో. కండ పనిలో ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోయినా రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. నాకైతే నడక మొదలెట్టాక నిద్ర కూడా పట్టింది.

ఒంగోలు నుంచి:
బాబాయ్, గ్లిమిపిరైడ్ వేసుకుని రొయ్యల పట్టుబడి రోజున అన్నం ఆలస్యం చెయ్యొద్దు, షుగరు బాగా పడిపోతుంది. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే షుగరు చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. అట్లా మళ్లీ మళ్లీ అవుతుంటే డాక్టరుకు చెప్పండి. ఇంకోటి, ఉత్త కాళ్లతో తిరగొద్దు. ఇసకలో నడిస్తే మంచిదని ఎవరో చెప్పారని మా నాయన కొత్తపట్నం బీచికి పోయాడు. షుగరుతో కాళ్లు మొద్దుబారి, గవ్వ కోసుకుంటే ఆయనకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక గచ్చు మీద రక్తం మరకలు చూసి మా అమ్మ కేకేసింది. పుండు మానేసరికి మూడు నెలలు పట్టింది.

ఇందుకూరుపేట రైతు (పన్నెండు రోజుల తర్వాత):
మీరు చెప్పినాక కాళ్లు చూసుకున్నా. చిటికెన వేలి సందులో తోలు నాని తెల్లగా విచ్చుకుని ఉండాది, నొప్పే లేదు. డాక్టరుకు చూపించి మందు రాస్తన్నా. తిన్నాక పెద్ద గుంట చుట్టూ రెండు రౌండ్లు, చెప్పులేసుకునే. నిన్న 182. ఆదివారం చేపల పులుసు, ఆ లెక్క అడగబాకండి. అరుపులు తగ్గాయంట, మా ఆడమనిషి చెప్పింది. రొయ్య రేటు మాత్రం అట్నే ఉండాది.