ఐకాన్వ్ కొట్టాక ఫైలు సున్నా బైట్లు, ఇంకో రెండు ఫైళ్లు అస్సలు లొంగట్లేదు

మహేంద్రతనయ గట్టు:

మాది పర్లాకిమిడి, చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. మా మేనమామ ఇక్కడ ఒక పాత రీడింగ్ రూమ్ చూసుకుంటాడు. తెలుగు, ఒడియా పుస్తకాలు కలిపి పదకొండొందల పైనే ఉంటాయి. వాటి జాబితా ఇరవై ఏళ్లుగా ఎవరికి దొరికిన కంప్యూటర్లో వాళ్లు కొట్టి ఒకే పెన్‌డ్రైవ్‌లో పడేశారు. అన్నీ కలిపి ఒక్క ఫైలు చేసి ఇవ్వరా, నీకు కంప్యూటర్ వచ్చు కదా అన్నాడు మామయ్య. అక్కడ ఇరుక్కున్నాను.

తెలుగు జాబితా మూడు ఫైళ్లలో ఉంది. మొదటిది విండోస్ నోట్‌ప్యాడ్‌లో బాగానే కనిపిస్తుంది కానీ నా లినక్స్ మింట్‌లో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ కొడితే కళ్ల ముందున్న పేరు కూడా దొరకదు. రెండోది ఎక్కడ తెరిచినా నెత్తిన గీత ఉన్న చిన్న ఏ అక్షరం, పక్కన °, మళ్లీ అదే ఏ, పక్కన ±, పేజీ నిండా ఇదే గోల. మూడోదంతా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాల కలగూరగంప, కానీ మామయ్య పాత కంప్యూటర్లో పేజ్‌మేకర్‌లో పెడితే ముత్యాల్లాంటి తెలుగు.

ఎన్‌కోడింగ్ (ఏ అక్షరాన్ని ఏ బైట్లుగా దాచాలనే పద్ధతి) మార్చడానికి ఐకాన్వ్ అనే కమాండ్ వాడాలని ఎక్కడో చదివి, మొదటి ఫైలు యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో ఉందనుకుని, యూటీఎఫ్-8కి మార్చడానికి ఇలా కొట్టా (ఫోన్లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నా, కమాండ్ కూడా పలికినట్టే రాశా, ఏమనుకోకండి):

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టి యూటీఎఫ్-8 జాబితా1 > జాబితా1

ఎర్రర్ ఏమీ రాలేదని సంబరపడ్డా. తెరిస్తే సున్నా బైట్లు! అసలుది పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి మామయ్య చేతిలో తిట్లు తప్పాయి. రెండో ఫైలుని యూటీఎఫ్-8 నుంచి విండోస్-1252కి (పాత విండోస్‌లో ఇంగ్లీషు లాంటి భాషల ఎన్‌కోడింగ్) తిప్పి చూశా, 23వ స్థానం దగ్గర ఇన్‌పుట్ చెల్లదని ఆగిపోతోంది. మార్చలేనివాటిని వదిలేసే -సి పెడితే చివరిదాకా నడుస్తుంది కానీ కొమ్ము ఉన్న ప్రతిచోటా, వత్తు ఉన్న ప్రతిచోటా నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. ఆ ఫైల్లో మొదటి లైను "తెలుగు పుస్తకాలు" అని మామయ్య అంటున్నాడు. ఎవరైనా దారి చెప్పండి.

జయపురం మాస్టారు:

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాడివి కాబట్టి వాడుక భాషలోనే చెప్తాను బాబూ. ఐకాన్వ్ తప్పేమీ లేదు, ఇది షెల్, అంటే నువ్వు కొట్టిన కమాండ్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్, చేసిన పని. > గుర్తు కనపడగానే షెల్ ముందు ఆ పేరుతో ఉన్న ఫైలుని ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే ఐకాన్వ్‌ని పిలుస్తుంది. పాపం అది వచ్చేసరికి లోపల ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదాన్నే ఏ తప్పూ లేకుండా మార్చిపెట్టింది. ఎప్పుడూ వేరే పేరుకి పంపు, తెరిచి చూసుకో, ఆ తర్వాత పేరు మార్చుకో.

మొదటి ఫైలు విషయంలో నీ ఊహ సరైనదే. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు "యూనికోడ్" అని ఒక ఆప్షన్ ఉండేది, దానర్థం యూటీఎఫ్-16. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది కానీ మీ రీడింగ్ రూమ్ వాళ్లు అంతకుముందే కొట్టి ఉంటారు. నమ్మకం కుదరకపోతే, బైట్లని హెక్స్ అంకెల్లో (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్) చూపించే ఎక్స్ఎక్స్‌డితో మొదటి లైను చూడు. ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ అని మొదలై, తర్వాత రెండేసి బైట్లలో రెండోది ఎక్కువగా 0సి ఉంటే అది యూటీఎఫ్-16లో ఉన్న తెలుగే. త అయితే 24 0సి అని కనిపిస్తుంది. ఫైల్ -ఐ అనే కమాండ్ కూడా ఎన్‌కోడింగ్ ఏదో చెప్తుంది కానీ అది చేసేది అంచనాయే, నేను మాత్రం బైట్లు చూడనిదే ఏ కమాండూ కొట్టను.

ఇంకోటి, -ఎఫ్ తర్వాత నువ్వు రాసినట్టు ఉత్త యూటీఎఫ్-16 అనే రాయి. తెలివికి పోయి చివర ఎల్ఈ తగిలించావనుకో, ఆ ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ కూడా ఒక అక్షరమే అనుకుని కంటికి కనపడని గుర్తుగా కొత్త ఫైలు మొదట్లో మోసుకొస్తుంది. తర్వాత వరసలో పెట్టడానికి సార్ట్ కొడితే మొదటి పుస్తకం ఎక్కడికి పోయిందో వెతుక్కుంటావు. సైజు పెరిగిందని కంగారు పడకు, తెలుగు అక్షరం యూటీఎఫ్-16లో రెండు బైట్లు, యూటీఎఫ్-8లో మూడు.

ప్రాణహిత ఒడ్డు:

మాది సిరొంచ అన్నా, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, కాబట్టి ఈ పంచాయితీ నాకు రోజూ ఉండేదే. రెండో ఫైలు గురించి చెప్తా.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఏదైనా ఈ0 బి0 అనో, ఈ0 బి1 అనో మొదలవుతుంది. దాన్ని విండోస్-1252 అనుకుని చదివితే ఈ0 గీత ఉన్న ఏ అవుతుంది, బి0 ° అవుతుంది, బి1 ± అవుతుంది. నీకు కనిపిస్తున్నది అదే. మరాఠీ అయితే ఆ ఏ పక్కన ¤ గానీ ¥ గానీ ఉంటుంది, ఒడియా అయితే ¬ ఎక్కువగా కనిపిస్తుంది. అక్షరాలు చెడిపోయినా ఏ భాషో గుర్తుపట్టొచ్చు, మా ఆఫీసులో ¥ చూస్తే చాలు ఇది మరాఠీ ఫైలని చెప్పేస్తా.

చదివే ప్రోగ్రామ్ ఒక్కటే పొరబడితే ఇబ్బంది లేదు, ఫైలు మంచిగనే ఉన్నట్టు. ఎక్స్ఎక్స్‌డిలో సి3 ఎ0 సి2 బి0 అని కనిపిస్తే మాత్రం ఎవరో ఆ చెత్తనే మళ్లీ యూటీఎఫ్-8లో సేవ్ చేశారు, అంటే ఒకదాని మీద ఒకటి రెండు ముసుగులు. వెనక్కి 1252కి తిప్పడం సరైన ఆలోచనే, కానీ 1252లో ఐదు స్థానాలు ఖాళీ: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన కొమ్ము ు చివరి బైటు 81, పొల్లు ్ చివరి బైటు 8డి! ఏ, ఐ, ఝ కూడా ఆ ఐదింట్లోనే పడతాయి. పొల్లు లేకుండా వత్తు రాదు, ఇంక తెలుగులో మిగిలేదేముంది? నీ 23 లెక్క చూడు: చెడిన ఫైల్లో త ఆరు బైట్లు, ఎత్వం ఏడు, ల ఆరు, లు కొమ్ములో మొదటి రెండు గుర్తులు నాలుగు, మొత్తం 23. "తెలుగు" అనే మాటలో మొదటి కొమ్ము దగ్గరే ఆగింది. -సి పెడితే ఆ బైట్లని పారేస్తుంది, ఆ కాపీని ముందు డిలీట్ చెయ్.

పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ఉంది, దాంతోపాటు స్లాపీ-విండోస్-1252 అనే కోడెక్, అంటే ఎన్‌కోడింగ్ మార్చే ముక్క, వస్తుంది. ఖాళీ స్థానాలని అది ఉన్నవి ఉన్నట్టే వదిలేస్తుంది. ఫైలుని యూటీఎఫ్-8గా చదివి, ఆ కోడెక్‌తో ఎన్‌కోడ్ చేసి, మళ్లీ డీకోడ్ చెయ్యకుండా బైట్లుగానే కొత్త ఫైల్లో రాయి. మూడు లైన్ల పని.

జయపురం మాస్టారు:

మూడోదాని మీద ఐకాన్వ్ ప్రయోగించి టైం పాడు చేసుకోకు. అది డీటీపీలో వాడే అనూ అనే తెలుగు ఫాంటు బాపతు. లోపల ఉన్నవి నిజంగానే ఇంగ్లీషు అక్షరాలు, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది, అంతే. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఒడియాలో ఆకృతి, మరాఠీలో శ్రీలిపి ఫాంట్లది కూడా ఇదే తంతు. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు విడిగా దొరుకుతాయి, వెర్షన్ సరిగ్గా ఎంచుకో. వత్తులు మాత్రం ఒక మనిషి కూర్చుని చూడాల్సిందే.

ఒడియా జాబితా ఇంకా తెరవలేదేమో. అది డాస్ కాలం నాటిదైతే ఇస్కీ కావచ్చు, మన లిపుల ఎన్‌కోడింగ్‌కి 1991 నాటి భారతీయ ప్రమాణం. అందులో అన్ని భారతీయ లిపులకీ క ఒకటే బైటు. ఐకాన్వ్‌కి ఇస్కీ రాదు, ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ వాళ్ల యూకాన్వ్ కమాండ్ కావాలి, మింట్‌లో ఐసీయూ-డెవ్‌టూల్స్ ప్యాకేజీలో ఉంటుంది. దానికి ఇవ్వాల్సిన ఎన్‌కోడింగ్ పేరు తెలుగుకి విండోస్-57005, ఒడియాకి విండోస్-57007. నేనోసారి పొరపాటున ఒడియా ఫైలుకి 57005 ఇచ్చాను. ఘర, బహి అని ఒడియా మాటలన్నీ తెలుగు అక్షరాల్లో చక్కగా దిగాయి. మా ఆవిడ చదివి, మీకు ఒడియా ఇలా రాసిస్తే బాగా వచ్చేదండీ అంది.

మహేంద్రతనయ గట్టు:

మాస్టారూ, మొదటి ఫైలు అయిపోయింది. 40 కేబీది 54 కేబీ అయింది, మీరు ముందే చెప్పబట్టి టెన్షన్ పడలేదు. రెండోదానికి పైథాన్ లైబ్రరీలు పెట్టే పిప్ ఒప్పుకోకపోతే, వాటికి విడిగా చోటిచ్చే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసి ఆ లైబ్రరీ పెట్టా, కొమ్ములు, వత్తులు అన్నీ వచ్చేశాయి, సిరొంచ అన్నకి దండం. కానీ భ ఒక్కటే రాలేదు! భాగవతం, భారతం, అన్నిట్లో మొదటి అక్షరం ప్రశ్న గుర్తే. ఆంధ్ర మహాభారతంలో కూడా మధ్యలో భ లేదు.

ప్రాణహిత ఒడ్డు:

భ చివరి బైటు ఏడి (హెక్స్‌లో ఎ, డి). 1252లో అది కనపడని హైఫన్, లైను విరిగితేనే కనిపిస్తుంది. మధ్యలో ఎవరో ఏదో వర్డ్ ప్రాసెసర్‌లోంచి కాపీ చేసినప్పుడు అది రాలిపోయినట్టుంది. అయితే ఇది తేలికే. ఈ0 బి0 తర్వాత మూడో బైటు లేకుండా నేరుగా ఇంకో ఈ0 వచ్చిన చోటల్లా మధ్యలో ఏడి పెట్టమని, వెతికి మార్చే సెడ్ కమాండ్‌కి చెప్పు. ముందు భాషా సెట్టింగ్ అయిన ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్‌ని పెద్ద అక్షరాల్లో సికి సెట్ చెయ్, లేకపోతే సెడ్ బైట్లని బైట్లుగా చూడదు. చివర్న ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్చి చూడు, ఇంకెక్కడైనా విరిగి ఉంటే ఆ స్థానం చెప్పి ఆగుతుంది.

మహేంద్రతనయ గట్టు:

భ వచ్చింది అన్నా. ఐకాన్వ్ ఒక్కచోట ఆగింది, చూస్తే "లాభ నష్టాలు" అనే పుస్తకం, భ తర్వాత స్పేస్ ఉంది కాబట్టి సెడ్‌కి దొరకలేదు. అది చేత్తో దిద్దా. అనూ ఫైలు ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో సహా మామయ్యకే ఇచ్చా.