జీతాల డిమాండు పత్రంలోనే కరెంటు బిల్లూ పెట్టాలా?

కంచరపాలెం గట్టు

వాచ్‌మెన్లు, గోదాం కళాసీలు, కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఒక సంఘంగా కూడితే విశాఖలో డిమాండు పత్రం ఎలా రాయాలన్నదే ప్రశ్న. నెలకు 26,000 కనీస వేతనం, కరెంటు ఛార్జీల తగ్గింపు రెండూ ఒకే కాగితం మీద ఉండాలంటాను. పెరిగిన జీతం పెరిగినట్టే అద్దెకీ బిల్లుకీ పోతుంటే ఇంటికి మిగిలేదేంటి?

లేబర్ ఫైలు

ఉద్దేశం మంచిదే అన్నా, కాగితం మాత్రం ఒకటి కాకూడదు. జీతం ఇచ్చేది యాజమాన్యం, కరెంటు ధర ఖాయం చేసేది విద్యుత్ నియంత్రణ మండలి. రెండూ కలిపి కార్మిక శాఖ రాజీ అధికారి ముందు పెట్టామా, కాంట్రాక్టరు "ఇది నా చేతిలో లేదు" అని మొదటి వాయిదాలోనే బిల్లు అంశం పట్టుకుని కూర్చుంటాడు. జీతం మాట వెనక్కి పోతుంది.

వాయిదాలు సాగితే నష్టం మనకే. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాక సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అన్ని సంస్థల్లోనూ తప్పనిసరి. రాజీ చర్చలు నడిచినన్నాళ్లూ, అవి ముగిశాక మరో 7 రోజులూ సమ్మెకు దిగకూడదు. నోటీసు ఎందుకులే, అందరం ఒకే రోజు సెలవు పెడదామంటే అదీ కుదరదు. సగం మంది మూకుమ్మడిగా సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

ముందు పే స్లిప్పులు పోగేయండి. 15,000 జీతం మీద కార్మికుడి వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 113. పీఎఫ్ కోత 3,600 దాకా కనపడిందంటే యజమాని వాటా కూడా కార్మికుడి జీతంలోంచే లాగుతున్నారన్నమాట. అది చట్టవిరుద్ధం. స్లిప్పే ఇవ్వకపోతే పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి నెలవారీగా రాయండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన జీతం ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే అసలు సంస్థ, చెల్లించాల్సిందే, అందుకని ప్రతి అర్జీలో ఇద్దరి పేర్లూ ఉండాలి. చాలా అర్జీలు దెబ్బతినేది ఇక్కడే. కాంట్రాక్టరు పేరొక్కటే రాస్తారు, ఏడాది తిరిగేసరికి ఆ కాంట్రాక్టరే ఉండడు.

గాజువాక మీటరు

మీరు చెప్పింది కాంట్రాక్టు పనికి సరిపోతుంది. నాలుగిళ్లలో అంట్లు తోమే ఆవిడ సమ్మె నోటీసు ఎవరికివ్వాలి? ఆవిడకి సంఘమంటే తనుండే లైను ఇళ్లే. అక్కడ అందర్నీ ఒకచోట కూర్చోబెట్టేది బిల్లే.

మూడు వాటాలకి (అద్దె పోర్షన్లకి) ఒకే మీటరున్న ఇల్లు తీసుకోండి. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. 2022 నాటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75. ఒక కుటుంబం 100 యూనిట్లు వాడితే 57, 135, 112.50 కలిపి 304.50. మూడు కుటుంబాలకూ వేర్వేరు మీటర్లుంటే 913.50. అవే 300 యూనిట్లు ఒక్క మీటరులో తిరిగితే 1,673.25. ఎవరూ ఒక్క యూనిట్ ఎక్కువ వాడలేదు, అయినా 759.75 అదనం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల ఉచితం ఉన్నా, మీటరు ఓనరు పేరునే ఉంటే అద్దెకున్నవాళ్లకు ఒక్క రూపాయీ తగ్గదు.

కాబట్టి మొదటి డిమాండు ధర తగ్గించమని కాదు, వాటాకో మీటరు. దీనికి ఓనరు సమ్మతి పత్రం కావాలి. ఓనర్లు వెనక్కి తగ్గేది కూడా అక్కడే, మీటరు పేరు మారితే ఇల్లు పోతుందని భయం. కరెంటు కనెక్షన్ ఇంటి హక్కు పత్రం కాదని నలుగురు కలిసి వెళ్లి చెప్పాలి. అయినా ఒప్పుకోకపోతే, కనీసం వాటాకో సర్వీసు ఓనరు పేరునే తీసుకోమనండి. శ్లాబు దెబ్బయినా తప్పుతుంది. దరఖాస్తు నానుస్తుంటే ముందు 1912కి ఫిర్యాదు, తర్వాత విశాఖకు కరెంటిచ్చే ఈపీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వకీలు అక్కర్లేదు.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు

కరువు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో సవరిస్తారు కదా. ధరల సూచీలో కరెంటూ ఉంది. మళ్లీ వేరే పోరాటమెందుకు?

గాజువాక మీటరు

ఎంత ఉందో చూడండి. పారిశ్రామిక కార్మికుల సూచీ 2016 ఆధారంగా లెక్కిస్తారు, విశాఖ కూడా అందులో ఒక కేంద్రం. దేశం మొత్తానికి అందులో ఇంధనం, వెలుతురు కలిపి వాటా 5.50 శాతమే. నెల ఖర్చు 12,000 అయితే 660 రూపాయలు. ఉమ్మడి మీటరు మీద ఒక్కో కుటుంబానికి పడే కరెంటే 557.75. మిగిలిన 102.25తో గ్యాస్ బండ ఎలా వస్తుంది?

సింధియా జంక్షన్

26,000 గురించి ఒక జాగ్రత్త. నెల వేతనం 21,000 దాటితే ఈఎస్ఐ పోతుంది. మధ్యలో దాటితే ఆ కాంట్రిబ్యూషన్ కాలం, అంటే సెప్టెంబరు లేదా మార్చి ఆఖరు వరకే కొనసాగుతుంది. 2023 డిసెంబరు 26న మొదలైన మునిసిపల్ కార్మికుల సమ్మెలో పారిశుధ్య కార్మికులకు తేలిన అంకె కూడా 21,000. సరిగ్గా గీత మీద నిలబడింది. మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి మీద ఆధారపడిన ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే పెరిగిన 5,000 ఏ మూలకి? అందుకే జీతం డిమాండు పక్కనే, పరిమితి దాటిన కుటుంబాలకు యాజమాన్యం ఖర్చుతో ఆరోగ్య బీమా అని రాయాలి. ఇది రాజీ అధికారి పరిధిలోని మాటే.

కంచరపాలెం గట్టు

సరే, రెండు కాగితాలకు ఒప్పుకుంటున్నాను. రెండు సంఘాలకు మాత్రం ఒప్పుకోను. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) టారిఫ్ ప్రతిపాదనలు నియంత్రణ మండలి ముందు నవంబరు ఆఖరుకి వేస్తాయి, బహిరంగ విచారణ తర్వాత కొత్త ధరలు ఏప్రిల్ 1 నుంచి. గాంధీ విగ్రహం దగ్గర ధర్నా మార్చిలో చేస్తే ఆ ఏడాదికి ఆలస్యమైపోయినట్టే. అభ్యంతరం డిసెంబరులోనే వెళ్లాలి, జీతాల కోసం సంతకం పెట్టిన ప్రతి కార్మికుడి సంతకం దాని మీదా ఉండాలి.

గాజువాక మీటరు

సంతకంతో పాటు సర్వీసు నంబరు, ఆ మీటరు మీద ఎన్ని వాటాలున్నాయో రాయించండి. ఒకే తేదీన రీడింగు ఫొటోలు తీయించండి. "ఛార్జీలు తగ్గించాలి" అన్న ఒక్క వాక్యానికి డిస్కం జవాబు కూడా ఒక్క వాక్యమే ఉంటుంది. మూడు వాటాలు, 300 యూనిట్లు, 759.75 అదనం అని రాస్తే ఆ అంకెకు జవాబు చెప్పాల్సి వస్తుంది.