స్పేస్ ఎలివేటర్ అయ్యే పనేనా, లేక ఆకాశానికి నిచ్చెన వేయడమేనా?

తోకచుక్క:
ఒక డౌట్ అండి. భూమధ్యరేఖ దగ్గర నుంచి అంతరిక్షం దాకా కేబుల్ కట్టి, లిఫ్టులో వెళ్లినట్టు పైకి వెళ్లిపోవచ్చంటున్నారు. జపాన్‌లో ఒబయాషి అనే నిర్మాణ కంపెనీ 2050 కల్లా కడతామని 2012లోనే ప్రకటించింది కూడా. అసలు అంత పొడుగు కేబుల్ దేన్ని పట్టుకుని వేలాడుతుంది? పైన కొక్కెం ఎక్కడుంది? ఇంకోటి, స్పేస్ స్టేషన్ 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది కదా, మరి వేల కిలోమీటర్లు ఎందుకు, అక్కడ దిగిపోతే చాలదా?

కక్ష్య_కబుర్లు:
చాలదు. 400 కి.మీ. ఎత్తులో కూడా గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. స్పేస్ స్టేషన్ కింద పడకుండా ఉండేది ఎత్తు వల్ల కాదు, సెకనుకు 7.7 కి.మీ. వేగం వల్ల. మీరు అక్కడిదాకా లిఫ్టులో వెళ్లి తలుపు తీసి అడుగు బయటపెడితే రాయిలా కిందికే. 35,786 కి.మీ. దగ్గర సంగతి వేరు. అక్కడ తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టుకి పట్టే టైమూ, భూమి తన చుట్టూ తాను తిరిగే టైమూ ఒకటే, అందుకని మనకి ఒకేచోట ఆగిపోయినట్టు కనిపిస్తుంది. మీరడిగిన కొక్కెం అదే. అక్కడి నుంచి కేబుల్ కిందికి వదులుతూ, బ్యాలెన్స్ తప్పకుండా పైకి కూడా వదలాలి, పై చివర బరువు కట్టాలి. అది బయటికి లాగుతూ ఉంటే తాడు బిగిసి ఉంటుంది. 1895లో రష్యన్ శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ నేల మీద నుంచి కట్టుకుంటూ పోయే టవర్ ఊహించాడు, పైనుంచి వేలాడదీద్దామన్నది 1960లో సోవియట్ ఇంజనీరు యూరీ అర్త్సుతానోవ్. నేల విడిచి సాము అని వెక్కిరిస్తాం కానీ ఇక్కడ పద్ధతే అది.

తాడు_మేస్త్రి:
నేను మామూలు లిఫ్టుల మెయింటెనెన్స్ చేస్తాను, కక్ష్యల సంగతి పైవారికి వదిలేసి తాడు సంగతి చెప్తా. తాడు పొడుగయ్యేకొద్దీ అది మోసేది క్యాబిన్ని కాదు, తన్ను తానే. బావిలోకి చేంతాడు వదిలితే గిలక దగ్గరున్న పోగుల మీదే మొత్తం బరువు పడుతుంది చూడండి, అలాగ. ఉక్కు తాళ్లతో లిఫ్టు 500 మీటర్లు దాటడం కష్టం. లిఫ్టులు తయారుచేసే కోన్ కంపెనీ 2013లో కార్బన్ ఫైబర్ తాడు తెస్తే అది 1 కిలోమీటరు దాకా వెళ్లింది. గట్టి ఉక్కు తీగని ఉత్తినే వేలాడదీస్తే 30 కి.మీ. దాటగానే తన బరువుకే తెగుతుంది, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ పోగు అయితే 250 చిల్లర. ఇక్కడ కావాల్సింది, పైకి వెళ్లేకొద్దీ బరువు తగ్గడం కూడా లెక్కేస్తే, దాదాపు 5,000 కి.మీ. దాకా తన్ను తాను మోసుకునే సరుకు. మధ్యలో లావుగా, చివర్లో సన్నగా చేస్తే కొంత కలిసొస్తుంది గానీ ఉక్కుతో అయితే ఆ లావు ఊహకి కూడా అందదు. కార్బన్ పరమాణువులు గొట్టంలా అల్లుకున్న, వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని కార్బన్ నానోట్యూబ్‌కి కాగితం మీద ఆ బలం ఉంది, కానీ 2013లో రికార్డు కొట్టిన గొట్టం పొడుగు అర మీటరు. పైగా వాటిని కట్టగా పేనితే ఒకదాని మీద ఒకటి జారిపోయి బలం పడిపోతుంది.

ఇంకో మాట. మేం చెకింగ్‌కి వెళ్తే తాడు మీద గుడ్డ పెట్టి తుడుస్తాం, తెగిన తీగ ఉంటే గుడ్డ పట్టేస్తుంది, పోగుల సందుల్లో ఎర్ర పొడి రాలితే లోపల తుప్పు మొదలైందని అర్థం. మనుషులెక్కే లిఫ్టు తాడుకి మోయాల్సిన బరువుకి పదింతల బలం పెట్టుకుంటాం. దీనికి రెండింతలతో సరిపెడదామంటున్నారు. నేనైతే సంతకం పెట్టను.

తోకచుక్క:
అంటే అలాంటి తాడు దొరికితే పని అయిపోయినట్టేనా?

కక్ష్య_కబుర్లు:
అప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. కింది కక్ష్యల్లో తిరిగే ప్రతి ఉపగ్రహం, ప్రతి చెత్త ముక్కా చుట్టుకి రెండుసార్లు భూమధ్యరేఖని దాటాల్సిందే, కేబుల్ ఉండేది అక్కడే. ఇవాళ కాకపోతే రేపు తగులుతుంది. తెగడానికి ఢీకొట్టాల్సిన పని కూడా లేదు. 1996లో నాసా వ్యోమనౌక కొలంబియా షటిల్ నుంచి ఒక ఉపగ్రహాన్ని తాడు కట్టి వదిలారు, దాదాపు 20 కి.మీ. వదిలాక, తాడు పైపొరలో లోపం వల్ల కరెంటు మెరిసి కాలి తెగిపోయింది. చంద్రుడి మీద అయితే నేను ఒప్పుకుంటా. అక్కడ ఆకర్షణ ఆరో వంతు, గాలి లేదు, చెత్త దాదాపు లేదు, కెవ్లార్ లాంటి ఇప్పుడున్న పోగులతోనే లెక్క తేలుతుంది.

తాడు_మేస్త్రి:
ఒబయాషి వాళ్ల క్యాబిన్ గంటకి 200 కి.మీ. అట, అంటే 36 వేల కి.మీ. ఎక్కడానికి ఏడున్నర రోజులు. మధ్యలో ఆగిపోయి అలారం బటన్ నొక్కితే వెళ్లాల్సింది మాలాంటి వాళ్లే కదండీ, నాలుగో రోజు దూరంలో ఉంటే ఎలా వెళ్లాలో ముందు అది చెప్పండి.