పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2) యాక్షన్ గేమ్‌ల ఒరిజినల్ డిస్కులకు వెల ఎలా కట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఓరుగల్లు_ప్లేయర్:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఇల్లు మారుతూ బీరువాలోని పీఎస్2 డిస్కులన్నీ నాకిచ్చేశాడు. మొత్తం 17 ఉన్నాయి. వాటిలో 11 కేసులతో సహా ఒరిజినల్స్. గాడ్ ఆఫ్ వార్ రెండు భాగాలు, డెవిల్ మే క్రై, ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్, జీటీఏ శాన్ ఆండ్రియాస్, హనుమాన్ బాయ్ వారియర్ వాటిలో ఉన్నాయి. కొన్ని ఉంచుకుని మిగతావి అమ్మాలనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఒకే గేమ్‌ని ఒకరు 400కి పెడితే ఇంకొకరు 4 వేలు అడుగుతున్నారు. ఏ ధర పట్టుకోవాలో తెలియడం లేదు.

సాగరతీరం:
తమ్ముడూ, అడిగే ధరలు చూడకు, ఎంతకు అమ్ముడుపోయిందో చూడు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. పాత గేమ్‌ల ధరలు చూపించే ప్రైస్‌చార్టింగ్ సైట్‌లో డిస్క్ ఒక్కటే అయితే ఎంత, కేసూ మాన్యువల్ ఉంటే ఎంత, సీల్ విప్పనిదైతే ఎంత అని విడివిడిగా ఉంటుంది. అయితే ఆ డాలర్ ధరని రూపాయల్లోకి మార్చి ఇక్కడ అడిగితే ఎవరూ కొనరు. మన దగ్గర కొనేవాళ్లు తక్కువ.

ఇంకొకటి, గేమ్ గొప్పదైనంత మాత్రాన డిస్క్ ఖరీదైనది కాదు. గాడ్ ఆఫ్ వార్ అంటే నాకు ప్రాణం, కానీ అది లక్షల్లో అమ్ముడైంది కాబట్టి ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. అదే 2006లో క్యాప్‌కామ్ తెచ్చిన గాడ్ హ్యాండ్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, అందుకే ఈరోజు దానికోసం వెతుకుతున్నారు.

పాత_బజారు:
ముందు నీ దగ్గరున్న 11 నిజంగా ఒరిజినల్సేనా చూసుకో. డిస్క్ తిప్పి చూస్తే ఒరిజినల్ డీవీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది. రాసిన కాపీ అయితే ఊదా రంగు ఛాయ కనిపిస్తుంది. అడుగు ముదురు నీలంగా ఉందని మాత్రం కంగారుపడొద్దు. పీఎస్2లో సీడీ మీద వచ్చిన గేమ్‌లు అలాగే ఉంటాయి. ఇది తెలియక నేనొక మంచి డిస్క్‌ని నకిలీ అనుకుని వదిలేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత కేస్ వెన్ను మీదున్న నంబరూ డిస్క్ మీదున్న నంబరూ ఒకటేనా చూడు. మన దగ్గర అమ్మినవి పాల్ (యూరప్, ఇండియా లాంటి చోట్ల టీవీ పద్ధతి) కాపీలు కాబట్టి ఎస్‌ఎల్‌ఈఎస్ లేదా ఎస్‌సీఈఎస్ అని మొదలవుతాయి. మొదటి ముద్రణ కేసులో ప్లాటినమ్ డిస్క్ (బాగా అమ్ముడైన గేమ్‌ని తర్వాత తక్కువ ధరకి మళ్లీ ముద్రించినది) పెట్టి అమ్మేవాళ్లున్నారు, అటూ ఇటూ మారినవి చాలా చూశాను. సాధారణంగా ప్లాటినమ్‌కి ధర తక్కువ.

డల్లాస్_తెలుగు:
అమెరికాలో ఉన్నవాళ్ల చేత తెప్పించుకునేవారికి ఒక మాట. ఇక్కడివి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) కాపీలు, ఎస్‌ఎల్‌యూఎస్ అని ఉంటాయి. ఇండియాలో కొన్న పీఎస్2లో ఈ అడ్డు తీసేసే చిప్ వేయించకపోతే ఆడవు. పోయినసారి ఊరికి వస్తూ మా బావమరిది కోసం ఆరు డిస్కులు తెచ్చాను, ఒక్కటీ ఆడలేదు. పీఎస్3 గేమ్‌లకి దాదాపుగా ఈ ఇబ్బంది లేదు.

శాన్ ఆండ్రియాస్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. 2005 జూలైలో 'హాట్ కాఫీ' (గేమ్‌లో దాచి ఉంచిన శృంగార భాగం బయటపడటం) గొడవ వల్ల ఇక్కడ దాని రేటింగ్ పెద్దలకు మాత్రమే అని మార్చారు, షాపులు వెనక్కి తీసేశాయి, తర్వాత ఆ భాగం తీసేసి మళ్లీ విడుదల చేశారు. మొదటి ముద్రణ అనగానే చాలామంది వేలల్లో అడుగుతారు. కానీ గొడవ మొదలయ్యేలోపే అది విపరీతంగా అమ్ముడైపోయింది. కథ పెద్దదే గానీ డిస్క్ అరుదైనది కాదు.

చార్మినార్_పిక్సెల్:
ఇందరు మాట్లాడారు, హనుమాన్ గురించి ఎవరూ అనలేదేంటి! ఓరుగల్లు అన్నా, అది అమ్మకు. 2009లో వచ్చిన హనుమాన్ బాయ్ వారియర్‌ని చేసింది మన హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దాన్ని చెప్పుకున్నారు. అదే ఏడాది వచ్చిన దేశీ అడ్డా కూడా హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర వాళ్లు చేశారు.

ఆట పరంగా చూస్తే కంట్రోల్స్ మొండిగా ఉంటాయి, కెమెరా ఇబ్బంది పెడుతుంది, ఆ మాట ఒప్పుకుంటా. కానీ అప్పట్లో మన వీధుల్లో ఒరిజినల్ కొన్నవాళ్లు ఎంతమంది? చిప్ వేయించుకుని కాపీ డిస్కులు ఆడినవాళ్లే ఎక్కువ. అందుకే మాన్యువల్‌తో సహా మిగిలిన కాపీలు చాలా తక్కువగా కనిపిస్తాయి. నేను రెండేళ్లు వెతికి కర్నూలులో ఒకాయన దగ్గర కొన్నాను. మన నగరంలో పుట్టిన ఆట మన ఇళ్లలోనే నిలవాలి.

సాగరతీరం:
నిజం. దానికి పోల్చి చూసే ధరలు కూడా సరిగ్గా దొరకవు, కొనేవాడి ఆసక్తిని బట్టే ధర.

దాచుకోవడం గురించి కూడా చెబుతాను, మా విశాఖ తేమలో నేను పడ్డ పాట్లు ఇంకొకరు పడకూడదు. ఒక వానాకాలం తర్వాత చూస్తే నాలుగు కవర్ పేపర్లకి బూజు పట్టింది. అప్పటినుంచి మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెడుతున్నా. కేసుల్ని నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. కవర్ మీద ఎరుపు అన్నిటికన్నా ముందు వెలిసిపోతుంది.

డిస్క్ తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. డేటా ట్రాక్ వెంట గుండ్రంగా గీత పడితే మెషిన్ అక్కడ చదవలేదు. టూత్‌పేస్ట్ రుద్దడం అసలు వద్దు. ఒక షాపులో పాలిష్ చేయించిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా డిస్క్ నిండా వలయాలు పడి మధ్యలో ఆగిపోతోంది. టెస్ట్ చేసేటప్పుడు మెనూ వచ్చిందని సరిపెట్టుకోకండి, కనీసం గంటసేపు ఆడి చూడండి.

గోదారి_కాంట్రా:
నాదో సందేహం. మా ఇంట్లో కాంట్రా క్యాసెట్ ఉంది, చిన్నప్పటి టీవీ గేమ్‌ది. 2021లో సూపర్ మారియో 64 సీల్డ్ కాపీ 15 లక్షల 60 వేల డాలర్లకి అమ్ముడైందని చదివాను. నాది కూడా ఏమైనా పలుకుతుందా?

పాత_బజారు:
అది సీల్ విప్పకుండా, గ్రేడింగ్ (నిపుణుల చేత స్థితికి మార్కులు వేయించడం) చేయించి వేలంలో పెట్టిన కాపీ. ఆ ధరతో దేన్నీ పోల్చలేం. మీది 60 పిన్నుల క్యాసెట్ అయి ఉండాలి, మన దగ్గర దొరికిన మెషిన్లన్నీ దాదాపు నింటెండో వాళ్ల జపాన్ మెషిన్ ఫామికామ్‌కి నకళ్లే. కాంట్రా చేసిన కొనామీ వాళ్ల అసలు జపాన్ క్యాసెట్ అయితే ఆట మధ్యలో కథ చెప్పే బొమ్మలు వస్తాయి, అడవి స్టేజ్‌లో చెట్లు ఊగుతాయి. అవి కనిపిస్తే వెంటనే ఇక్కడ ఫోటో పెట్టండి. యూరప్‌లో అదే ఆటని ప్రోబొటెక్టర్ పేరుతో మనుషుల బదులు రోబోలతో అమ్మారు. వందల గేమ్‌లు ఒకే క్యాసెట్‌లో ఉన్న రకమైతే ధర ఉండదు, కానీ పారేయకండి.

గోదారి_కాంట్రా:
చెట్లు ఊగవండీ. అయినా దాచుకుంటాను, నాన్న రాజమండ్రిలో కొనిచ్చింది.

బెజవాడ_పీసీ:
పీసీ డిస్కుల గురించి ఒక్క మాట. స్టీమ్ కీ (ఆన్‌లైన్ ఖాతాలో ఒక్కసారే పనిచేసే కోడ్) వాడేసిన 2004 నాటి హాఫ్ లైఫ్ 2 లాంటి పెట్టెలు అలమారలో పెట్టుకోవడానికే. కాపీ చేయకుండా ఆపే సేఫ్‌డిస్క్ రక్షణ ఉన్న పాత గేమ్‌లు విండోస్ 10లో డిస్క్ నుంచి నేరుగా నడవవు. కొనేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి అమ్మండి.

ఓరుగల్లు_ప్లేయర్:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని అన్నీ చూశాను. 11లో ఒకటి ఊదా రంగు, అంటే ఒరిజినల్స్ 10. డెవిల్ మే క్రై కేసులో ప్లాటినమ్ డిస్క్ ఉంది, నంబర్లు కలవలేదు, అమ్మేటప్పుడు ఆ సంగతి రాస్తాను. గాడ్ ఆఫ్ వార్ మొదటి భాగం గంటన్నర ఆడాను, ఎక్కడా ఆగలేదు.

హనుమాన్ కేసులో మాన్యువల్ లేదు. పొద్దున అన్నయ్యకి ఫోన్ చేస్తే తన పాత స్కూల్ పుస్తకాల అట్టపెట్టెలో చూడమన్నాడు. అది హన్మకొండలో అమ్మ వాళ్లింట్లో అటక మీద ఉంది. ఆదివారం వెళ్తున్నాను.