సీఈసీ చదివిన సీరియల్ నటుడు పైలట్ అవ్వచ్చా?

గోదారిగట్టు:
పాలకొల్లు కుర్రాడు, 33 ఏళ్లు, సీరియళ్లలో వేషాలేస్తాడు. ఇంటర్ సీఈసీ. షూటింగు లేని రోజుల్లో నేర్చుకుని పైలట్ ఉద్యోగంలోకి వెళ్తాడటండి. హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ చేయలేదా అంటున్నాడు. ఎక్కడ మొదలెట్టాలి?

లంకలగాలి:
ఫోర్డ్ నడిపేవి సొంత విమానాలండి, జీతం కోసం కాదు. మన హిందీ నటి గుల్ పనాగ్‌దీ ప్రైవేటు లైసెన్సే. దానికి పదో తరగతి, 40 గంటలు ఎగరడం చాలు గానీ దాంతో పైసా సంపాదించకూడదు. ఉద్యోగంగా చేసినవాడంటే బ్రూస్ డికిన్సన్, ఆస్ట్రేయస్ అనే విమాన సంస్థలో బోయింగ్ 757 కెప్టెన్. ఆయన నటుడు కాదు లెండి, ఐరన్ మెయిడెన్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు.

కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. ఓపెన్ స్కూల్లో ఆ రెండూ రాసుకోవచ్చు. ఫీజు కట్టకముందే పైలట్లకి చేసే వైద్య పరీక్షలు, ముందు క్లాస్ 2, ఆపైన క్లాస్ 1, చేయించుకోమనండి. రంగులు సరిగా కనబడవని ఫీజు కట్టాక తేలితే ఏం లాభం? తర్వాత లైసెన్సులిచ్చే డీజీసీఏ పెట్టే పేపర్లు: నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి.

రన్‌వే27:
మొత్తం 200 గంటలు ఎగరాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా. నటులు దెబ్బతినేది ఇంకోచోట. ఆ వందలో కనీసం 15 గంటలు దరఖాస్తుకి ముందు ఆరు నెలల్లోవే అయ్యుండాలి. మధ్యలో ఓ సీరియల్ ఒప్పుకుని ఎనిమిది నెలలు మాయమైతే ఆ 15 గంటలూ మళ్లీ ఎగరాల్సిందే, ఆ ఖర్చు అదనం. కాబట్టి చివరి ఆరు నెలలు ఒక్క వేషం కూడా ఒప్పుకోవద్దని చెప్పండి. శిక్షణకి దగ్గర్లో అంటే బేగంపేట అకాడమీ ఉంది.

ఫోర్డ్ పేరెత్తారు కాబట్టి: 2015లో ఆయన పాత రయాన్ విమానం ఇంజను ఆగి గోల్ఫ్ మైదానంలో పడింది. కార్బురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ మర ఊడి, ఇంజనుకి పెట్రోలు ఎక్కువగా వెళ్లింది. 2017లో మాత్రం తప్పు ఆయనదే, రన్‌వే అనుకుని ట్యాక్సీవే మీద, అంటే విమానాలు రన్‌వేకి వచ్చిపోయే దారి మీద దిగాడు.

కొబ్బరిమొవ్వ:
నటన వదలకుండా ఎగరేసే పని కావాలంటే పొలాల్లో మందు కొట్టే స్ప్రే డ్రోన్ చూడమనండి. డ్రోన్ నడపడానికిచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి పదో తరగతి, 18 నుంచి 65 ఏళ్లు, పదేళ్లు చెల్లుతుంది. డెల్టా వరిలో పది లీటర్ల ట్యాంకువే ఎక్కువ. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక కొట్టకూడదు. మందు తుంపర పక్క రొయ్యల చెరువులో పడిందంటే పంట పోయినట్టే, పైరెత్రాయిడ్‌లనే పురుగుమందులు రొయ్యకి విషం. తెల్లారగట్ట మొదలెట్టి ఎండెక్కకముందే ఆపెయ్యాలి. కొబ్బరి వరసలు, చెరువు మోటార్ల కరెంటు తీగలు ముందురోజే నడిచి చూసుకోవాలి, సన్న తీగని సెన్సరు పట్టకపోవచ్చు.

గోదారిగట్టు:
బాగా చెప్పారండి. ముందు క్లాస్ 2 చేయించుకోమంటాను.