వారం వారం నీళ్లన్నీ మారుస్తున్నా గోల్డ్‌ఫిష్‌లు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న (మియాపూర్ గృహిణి)

అందరికీ నమస్కారం. పిల్లలు ముచ్చటపడితే సంక్రాంతి సెలవుల్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అక్వేరియం కొన్నాం. అందులో ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లనూ, పాచి తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతుందని దుకాణంవారు ఇచ్చిన ఒక సక్కర్ చేపనూ వేశాం. ప్రతి ఆదివారం చేపలను బకెట్‌లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లనూ ఫిల్టర్‌లోని స్పాంజినీ కుళాయి కింద మురికి పోయేదాకా కడిగి, మళ్లీ నింపుతున్నాం. ఆ రోజు నీళ్లు ఎంతో తేటగా ఉంటాయి. మంగళవారానికల్లా పాలు కలిపినట్టు తెల్లబడతాయి, చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఇప్పటికి సగం చేపలు పోయాయి. దుకాణంలో అడిగితే నీళ్లు మార్చినప్పుడల్లా వేయమని నీలం రంగు మందు ఇచ్చారు, దానివల్ల గుణం కనిపించలేదు. మా అపార్ట్‌మెంట్ సంపులోకి కొన్ని రోజులు మంజీరా నది నుండి వచ్చే కుళాయి నీళ్లు, తక్కిన రోజుల్లో బోరు నీళ్లు వస్తాయి. ఇంత శుభ్రంగా ఉంచుతున్నా చేపలు ఎందుకు బతకడం లేదో దయచేసి వివరించగలరు.

సమాధానం (నీటిమొక్క)

మీరు శ్రద్ధ పెట్టలేదని ఎవరూ అనలేరండీ. ఆ శ్రద్ధ నీటి తేటదనం మీద కాక ఫిల్టర్‌లోని స్పాంజి మీదకు మళ్లాలి.

చేప విసర్జించే మలం, తినకుండా మిగిలిన మేత కుళ్లినప్పుడు అమ్మోనియా పుడుతుంది. చేప మొప్పల నుండి నేరుగా కూడా అమ్మోనియా వెలువడుతుంది. ఇది కంటికి కనిపించని విషం. అద్దం లాంటి నీటిలోనూ ప్రాణాంతకమైనంత ఉండవచ్చు. స్పాంజినీ రాళ్లనూ అంటిపెట్టుకుని పెరిగే ఒక రకం బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుపోతే తప్ప ప్రమాదం కాదు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మీరు ప్రతి ఆదివారం స్పాంజినీ రాళ్లనూ క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో కడిగినప్పుడల్లా అప్పటివరకు పెరిగినవి చాలావరకు నశించి, కథ మళ్లీ మొదటికి వస్తోంది. నీలం మందు బహుశా మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. బూజు తెగులు సోకిన చేపను వేరే పాత్రలో ఉంచి చికిత్స చేయడానికి అది పనికొస్తుంది కానీ అసలు తొట్టిలో పోస్తే ఈ మేలు చేసే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. ముందు దాన్ని ఆపండి.

ఇకపై చేపలను బయటకు తీయవద్దు. మీ తొట్టిలో దాదాపు 50 లీటర్ల నీళ్లు ఉంటాయి. వారానికొకసారి అందులో నాలుగో వంతు, అంటే 12 లీటర్ల దాకా, సన్నని గొట్టంతో రాళ్ల మధ్య పేరుకున్న మట్టిని లాగుతూ ఒక బకెట్‌లోకి తీయండి. స్పాంజిని నెలకోసారి ఆ బకెట్‌లోని పాత నీటిలోనే రెండు మూడుసార్లు పిండి తిరిగి పెట్టేయండి. అది గోధుమరంగులో, కాస్త జిగురుగా ఉండిపోతుంది, ఉండనివ్వండి. అమ్మోనియా పరీక్షించే కిట్ ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది. ఎక్కువ కిట్లలో గాజు గొట్టంలోని నీళ్లు అమ్మోనియా లేకపోతే పసుపుగా ఉండి, అది పెరిగేకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతాయి. పచ్చదనం కనిపించినన్నాళ్లు వారం దాకా ఆగకుండా రోజూ కొద్దికొద్దిగా నీళ్లు మార్చాలి.

సమాధానం (విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ)

నీటిమొక్క గారు చెప్పినదానికి నేను సంపు నీళ్ల సంగతి చేర్చదలచాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది అదే. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: చేపకు అంతగా హాని చేయని అమ్మోనియం ఒకటి, మొప్పల గుండా సులభంగా లోపలికి చొరబడే అసలు అమ్మోనియా మరొకటి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, ఈ విషపు రూపం మొత్తంలో ఒక శాతం కన్నా తక్కువే ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అదే అయిదు శాతం దాటుతుంది, అంటే సుమారు పదింతలు. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, పీహెచ్ ఎక్కువగా ఉంటాయి కాబట్టి, మంజీరా నీటికి అలవాటు పడిన చేపలున్న తొట్టిని ఒక్కసారిగా బోరు నీటితో నింపితే, మిగిలి ఉన్న కొద్దిపాటి అమ్మోనియా కూడా తీవ్రమైన విషంగా మారే అవకాశం ఉంది. కొంచెం కొంచెంగా మార్చమనడానికి ఇది రెండో కారణం.

నీళ్లను ముందురోజే బకెట్‌లో పట్టి, మూత లేకుండా ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. గాలి బుడగలు వదిలే ఎయిర్ పంపు రాయి అందులో వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు దుకాణాల్లో దొరుకుతాయి. తాగే ఆర్వో నీళ్లు మాత్రమే పోయవద్దు, వాటిలో చేపకు కావలసిన ఖనిజాలు ఉండవు, పీహెచ్ నిలకడగా నిలవదు.

ప్రశ్నించినవారు (మియాపూర్ గృహిణి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్పాంజి కడగడమే తప్పని ఎవరూ మాకు చెప్పలేదు. మరో రెండు సందేహాలు. ఎండాకాలం వస్తోంది, మా వీధిలో కరెంటు తరచుగా పోతుంది, అప్పుడు ఏం చేయాలి? సక్కర్ చేప బాగా పెరిగిపోతోంది. దాన్ని దగ్గరలోని చెరువులో వదిలేస్తే ఫరవాలేదా?

సమాధానం (చేపల రైతు, కైకలూరు)

అమ్మా, చెరువులో దయచేసి వదలవద్దు. సక్కర్ దక్షిణ అమెరికా చేప. అక్వేరియంలో వేలెడంత ఉన్నది పెరిగి అడుగు దాటుతుంది, దానికి మీ తొట్టి ఏ విధంగానూ చాలదు. ఒంటి నిండా గట్టి ఎముక పలకలు, ముళ్లలాంటి రెక్కలు ఉండటం వల్ల మా దగ్గర వలలో పడితే వల చిరిగిపోతుంది, చేతికి గాయమవుతుంది. దాన్ని దెయ్యం చేప అని పిలవడం అందుకే. అవసరమైతే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి మురికి చెరువుల్లోనూ బతికి, గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మేం పెంచే బొచ్చె, శీలావతి తినవలసిన మేత అది తింటుంది. ఇలా ఇళ్ల నుండి వదిలినవే కాలువల్లోకి చేరి మా కష్టాన్ని తినేస్తున్నాయని చెప్పడానికి నాకు బాధగా ఉంది. దాన్ని కొన్న దుకాణంలోనే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. పైగా అది గోల్డ్‌ఫిష్ మలాన్ని తినదు, తన వంతు మలాన్ని మరికొంత చేరుస్తుంది.

కరెంటు సంగతి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. మేం తెల్లవారుజామున చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది ఆ ఆక్సిజన్ కోసమే. ఇంటి తొట్టికి వాడే చిన్న ఎయిర్ పంపుకు నాలుగైదు వాట్ల కరెంటు చాలు, కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలిపించండి. పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీళ్లు వెనక్కి వచ్చి పంపులో చేరతాయి. కరెంటు చాలా గంటలు పోతే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కూడా ఊపిరాడక చనిపోతుంది, అందుకే మూత ఉన్న ఫిల్టర్ అయితే స్పాంజిని తీసి ఎయిర్ రాయి పక్కన తొట్టిలోనే ఉంచండి. మధ్యాహ్నం తొట్టి మూత తీసి, చిన్న ఫ్యాను నీటి పైన గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు నీళ్లు కలుపుతుండాలి.

మేత విషయంలో కూడా ఒక మాట. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది కనుక ఎంత వేసినా ఆకలిగానే కనిపిస్తుంది. పిల్లలకు ఆ సంగతి చెప్పి, ఒక నిమిషంలో తినేయగలిగినంతే, రోజుకు రెండుసార్లు వేయించండి. చనిపోయిన వాటి స్థానంలో కొత్తవి తేవద్దు. 50 లీటర్లకు రెండు చేపలే ఎక్కువ. మిగిలినవాటిలో రెండింటిని ఉంచుకుని, తక్కినవాటిని కూడా సక్కర్‌తో పాటు ఇచ్చేయండి.